శేషం సున్నా

మ్యాజిక్ మాస్టారు పోయాక ఆయన గదిలోకి భార్య మొదటిసారి వెళ్ళింది. బల్ల మీద చెల్లాచెదురుగా పడున్న యాభై రెండు పేకముక్కలనూ ఆసు నుంచి రాజు దాకా వరుసగా పేర్చి, తలుపు దగ్గరగా వేసి వచ్చేసింది.

ఆ రాత్రి ఏదో చప్పుడుకు ఆమెకు మెలకువ వచ్చింది. ఊపిరి బిగబట్టి వింది. పక్కగదిలో జర్రుమని మళ్ళీ వినిపించింది. అది పేక కలిపే చప్పుడు. ముప్ఫై ఏళ్ళు ఆయనతో కాపురం చేసిన చెవులు పొరబడవు. వేళ్ళు మడుస్తూ లెక్కపెట్టింది. ఏడు. ఆ తర్వాత చీమ చిటుక్కుమన్నా వినిపించేంత నిశ్శబ్దం.

ఆయన గొప్పంతా అందులోనే ఉండేది. "పేకను సరిసగం చేసి, పై ముక్క పైనే ఉండేలా, ఆ సగంలోంచి ఒకటి, ఈ సగంలోంచి ఒకటి చొప్పున కలుపు. ఎనిమిదోసారికి అన్నీ మొదటి వరుసలోకే వచ్చేస్తాయి," అనేవారు. మరి వెయ్యిసార్లు కలిపితే అని ఆమె అడిగితే నవ్వేవారు. "వెయ్యిని ఎనిమిదితో భాగించు. శేషం సున్నా. అసలు ముట్టుకోకుండా వదిలేసినా ఒకటే."

టార్చి వేసుకుని వెళ్ళి చూసింది. గదిలో ఎవరూ లేరు. ముక్కలన్నీ తను పేర్చిన వరుసలోనే ఉన్నాయి. ఆమెకు ప్రాణం లేచొచ్చింది.

తిరిగొచ్చేసరికి, తోడు పడుకోవడానికి వచ్చిన చెల్లెలు మంచం మీద లేచి కూర్చుని ఉంది.

"ఏం లేదే, అంతా నా భ్రమ. ఏడుసార్లు కలిపుంటే వరుస చెడేది. ఎవరూ ముట్టుకోలేదు."

చెల్లెలు దుప్పటి గడ్డం దాకా లాక్కుంది.

"ఏడూ నువ్వు లేచాక విన్నవి కదక్కా," అంది మెల్లగా. "నిన్ను లేపిన చప్పుడు లెక్కేశావా?"