సగం వెలుగు

మార్కాపురంలో కోటిరత్నమ్మ కల్యాణమండపానికి వేదిక దీపాలు మార్చే పని ఎవరిదో ఆ ఉదయం తేలిపోవాలి. పదేళ్లుగా అక్కడ ఒక్క బల్బు పోయినా కబురు నరసింహం దుకాణానికే వచ్చేది. ఇప్పుడు రాచర్ల నుంచి జ్ఞానయ్య వచ్చి మండపంలో ఆయనకు ఎదురుగా కూర్చున్నాడు.

వాడి చేతిలో ఒక డిమ్మర్ ఉంది. నాబ్ తిప్పితే వెలుగు తగ్గుతుంది. ఎన్ని వాట్లు కాలుతున్నాయో దాని మీదే అంకెల్లో కనిపిస్తుంది. ఆ కొలిచే భాగానికి వాడికైన ఖర్చు రెండు టీల డబ్బులట.

నరసింహం ఎన్ని వందల డిమ్మర్లు అమ్మాడో లెక్కలేదు. ఈ ఆలోచన తనకెందుకు రాలేదు? ఆ సంగతి విన్నప్పటి నుంచి, మూడు రోజులుగా అన్నం సయించడం లేదు. కడుపులో అంత మంట పెట్టుకున్నవాడికి అన్నమేం దిగుతుంది? ఎవరైనా జ్ఞానయ్య పేరెత్తితే చాలు, ఒళ్లు భగ్గుమంటోంది.

"పెళ్లివాళ్లకు ఈ అంకె చూపిచ్చి కరెంటు డబ్బులు తీసుకోవాల," అంది కోటిరత్నమ్మ. "తప్పు చూపిచ్చిందంటే నా పరువు పోతాది. నరసింహమన్నా, నువ్వొకసారి చూసి చెప్పు."

నరసింహం తన మీటరు తీశాడు. ఆ మీటరు మాటంటే ఊరందరికీ నమ్మకం. బల్బుల దగ్గర వోల్టులు, ఆంపియర్లు చూసి కాగితం మీద హెచ్చవేశాడు. నిండు వెలుగులో వెయ్యి వాట్లు. డిమ్మర్ మీద కూడా వెయ్యే.

"సరిపోయిందే," అంది కోటిరత్నమ్మ.

నరసింహం మీటరు పక్కన పెట్టలేదు.

"ఉండమ్మా. నిండుగా వెలిగేదానికి డిమ్మర్ ఎందుకు? సగానికి తగ్గించు జ్ఞానయ్యా."

జ్ఞానయ్య నాబ్ మీద చెయ్యి పెట్టి ఆగాడు. "సగం వెలుగుకు కూడా ఆ మీటరుతోనేనా సార్?"

"ఏం, దీనికేమైంది?"

జ్ఞానయ్య ఆయన ముఖంలోకి చూశాడు. తర్వాత నాబ్ తిప్పాడు. డిమ్మర్ ఐదు వందలు చూపించింది. నరసింహం కాగితం మీద రెండు వందల యాభై వచ్చింది.

"రెట్టింపు చూపిస్తా ఉంది," అన్నాడు నరసింహం, బాధపడుతున్నట్టు తల ఊపుతూ.

కోటిరత్నమ్మ ముఖం మాడిపోయింది. "ఏంది నాయనా ఇది? చదువుకున్నోడివని పిలిస్తే ఇట్ల చేస్తివి."

వాడు నోరు విప్పుతాడేమోనని నరసింహం వాడి వైపే చూస్తూ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"సార్ చెప్పినాక నేనేం చెప్పేదమ్మా," అన్నాడు జ్ఞానయ్య. వైర్లు చుట్టి సంచిలో వేసుకుని బస్టాండు వైపు వెళ్లిపోయాడు.

పని నరసింహానికే దక్కింది. ఆ సంతోషంలో మండపం వాచ్‌మన్‌కు కూడా టీ ఇప్పించాడు.

డిమ్మర్‌తో వెలుగు తగ్గించినప్పుడు, తన చేతిలో ఉన్నలాంటి మామూలు మీటరు తక్కువ చూపించి అబద్ధం చెబుతుందని, దుకాణం పెట్టకముందు ఐటీఐలో బోర్డు మీద బొమ్మ గీసి మరీ జ్ఞానయ్యకు నేర్పింది ఈ నరసింహం సారే.