సిస్టర్ ఇన్నమ్మ బదిలీ

వరండాలో ఒక నల్ల సూట్‌కేసు, దాని మీద మడిచిన గొడుగు.

గేటు తీస్తూనే రజిత కళ్ళు వాటి మీద పడ్డాయి. ఎవరికో ఏదో అయింది, అనుకుంది.

రజితకు ఏది చూసినా ముందు చెడ్డదే తోస్తుంది. ఫోన్ మోగితే పాపకు ఏదో అయిందని. మొగుడు స్వామి డ్యూటీ నుంచి పది నిమిషాలు ఆలస్యమైతే బండి కింద పడ్డాడని. కొత్తగూడ ఫ్లైఓవర్ కింద నడిచేటప్పుడు కూడా ఒకసారి పైకి చూసుకుంటుంది.

చంకలో నాలుగేళ్ళ కూతురు చిన్ను ఇంకా నిద్రమత్తులోనే ఉంది.

అపార్ట్‌మెంట్ల మధ్య ఇరుక్కున్న ఆ రెండంతస్తుల ఇంట్లో ముగ్గురు చర్చి సిస్టర్లు ఉంటారు. ఆఫీసులు ఊడ్చి తుడిచే ఆడవాళ్ళ పిల్లలను పొద్దున్నుంచి సాయంత్రం దాకా చూస్తారు. చిన్నుకు ఫిట్స్ వస్తాయంటే ఇంకెక్కడా పెట్టుకోలేదు. సిస్టర్ ఇన్నమ్మ పెట్టుకుంది.

ఆమె మెట్లు దిగి వస్తోంది, ఒక్కో మెట్టు మీద రెండు కాళ్ళూ ఆనించి.

"ఎవరు పోతున్నరు సిస్టర్?"

"నేనేనమ్మా. ట్రాన్స్‌ఫర్. మొన్న ఉత్తరం వచ్చింది. తొమ్మిదింటికి బస్సు."

"ఏడికి?"

"ఖమ్మం అవతల. ముసలి సిస్టర్లు ఉండే ఇల్లు. నాకు విశ్రాంతి కావాలట." ఇన్నమ్మ నవ్వింది. "అదెట్లా తీసుకోవాలో నాకు తెలీదు. అక్కడ నేర్పుతారేమో."

రజిత చిన్నును ఇంకో చంకకు మార్చుకుంది.

పోయిన నెల పెద్ద మదర్ వచ్చింది. ఈ సిస్టర్లందరి మీదా పెద్ద. తల్లులను చాప మీద కూర్చోబెట్టి, చాయ్ ఇచ్చి, ఇక్కడ ఎట్లా ఉందమ్మా అని అడిగింది. అందరూ మంచిగుంది అన్నారు. రజితే ఊరుకోలేకపోయింది.

"ఇన్నమ్మ సిస్టర్‌కు మోకాళ్ళ నొప్పులతోటి సాతనైతలేదు. గోడ పట్టుకొని మెట్లెక్కుతది. మొన్న పిల్లలకు బువ్వ తినిపిస్తనే కునుకు తీసింది. ఏడ పడిపోతదోనని నాకు ఒకటే పరేషాన్. ఇంకొక సిస్టర్‌ను సాయం పంపుండ్రి అమ్మా."

పెద్ద మదర్ అంతా విని, చిన్న పుస్తకంలో రాసుకుంది.

సాయం వచ్చింది. సిస్టర్ జెసింత. ముప్ఫై ఏళ్ళు కూడా ఉండవు. ఇప్పుడు మెట్ల దగ్గర, చిన్నును ముట్టుకోవాలో వద్దో తెలియనట్టు నిలబడి ఉంది.

"పోనని చెప్పరాదా సిస్టర్?" అంది రజిత.

"మాలో అట్లా అనరమ్మా. ఉత్తరం చదువుకుని, చాపెల్లో కాసేపు ప్రార్థన చేసుకుని, బట్టలు సర్దుకుంటాం."

"ఎందుకని గూడ అడగరా?"

"అడగం."

ఇన్నమ్మ కింద కూర్చోబోయి, మోకాళ్ళు వంగక కుర్చీ లాక్కుంది. జెసింత చేత బొంత నేల మీద పరిపించి, చిన్నును పడుకోబెట్టించింది.

"ఇంకోసారి చెప్పు జెసింతా. ఫిట్ వస్తే?"

"పక్కకు తిప్పుతాను. మెడ దగ్గర బొత్తాం తీస్తాను. గడియారం చూస్తాను."

"నోట్లో?"

"ఏమీ పెట్టను. అయిదు నిమిషాలు దాటితే ఆటో, ఆసుపత్రి."

"చేతిలో తాళాలు?"

జెసింత తెల్లబోయింది. "తాళాలెందుకు సిస్టర్?"

"రజిత వాళ్ళత్త కొమురమ్మ తాళాల గుత్తి పట్టుకుని వస్తుంది, పాప చేతిలో ఇనుము పెడితే ఫిట్ ఆగుతుందని. ఆమెతో తగువు పెట్టుకోకు. గుత్తి తీసి నీ జేబులో వేసుకో. ఆమెకు చాయ్ ఇవ్వు."

"సరే సిస్టర్."

"రజితకు ఎప్పుడు చెప్తావు?"

"వెంటనే."

"కాదు. పాప నిద్రపోయాక. ముందే చెప్తే ఈ పిల్ల పరిగెత్తుకొస్తూ ఏ కారు కిందో పడుతుంది."

రజిత నవ్వలేదు.

"నేనే చెప్పిన సిస్టర్. పెద్ద మదర్‌కు. మీ మోకాళ్ళ సంగతి."

ఇన్నమ్మ కుర్చీలో ఆమె వైపు తిరిగింది.

"నేను గోడ పట్టుకోవడం ఎప్పుడు చూశావు?"

"రోజు చూస్తనే ఉన్న."

"ఈ ఇంట్లో సిస్టర్లెవరూ చూడలేదు," అంది ఇన్నమ్మ.

చిన్ను తల మీద చెయ్యి పెట్టింది. బయట ఆటో రెండుసార్లు హారన్ కొట్టాక తీసింది.

పదకొండు గంటలకు రజిత ఆఫీసు ఎనిమిదో అంతస్తులో నేల తుడుస్తుంటే ఫోన్ మోగింది.

"అయిపోయింది రజితమ్మా," అంది జెసింత. "రెండు నిమిషాలు. పక్కకు తిప్పాను. ఇప్పుడు నిద్రపోతోంది. భయం లేదు."

రజిత బకెట్ అక్కడే వదిలేసింది. సూపర్‌వైజర్ రవీందర్ వెనక నుంచి ఏదో అంటున్నాడు. వినలేదు. సిస్టర్ల ఇంటి వైపు, ఎండలో కొంత పరుగు, కొంత నడక.

సిగ్నల్ దగ్గర మళ్ళీ ఫోన్. ఈసారి ఇన్నమ్మ.

"చౌటుప్పల్ దాటాం రజితా. చిన్ను ఎట్లా ఉంది?"

రజిత ఆగింది. పక్క నుంచి కార్లు పోతున్నాయి. ఫోన్‌ను అరచేత్తో కప్పుకుంది.

"మంచిగున్నది సిస్టర్. ఆడుకుంటున్నదట."

"ఆయాసపడుతున్నావేం?"

"మెట్లు తుడుస్తున్న."

అవతల కాసేపు బస్సు చప్పుడే వినిపించింది.

"అయితే కాస్త కళ్ళు మూసుకుంటానమ్మా."

"మూసుకోండ్రి సిస్టర్."

ఫోన్ పెట్టేయడం ఇన్నమ్మ మరిచిపోయింది.

రజిత కూడా పెట్టేయలేదు. చెవికి ఆనించుకునే, తన ఊపిరి అటు వినపడకుండా, నెమ్మదిగా నడిచింది.