రెండు చుట్లు వెనక్కి

“బండి కదలదని కాదు. రెండో గేరులోకి వెళ్లేటప్పుడు ఇంజను అరుస్తుంది, బండి మాత్రం వెళ్దామా వద్దా అని ఆలోచించుకుంటుంది,” అంది ఆమె.

మెకానిక్ అప్పటికే దిమ్మల మీద ఎత్తిపెట్టిన ఆటోమేటిక్ గేర్ల కారు కిందికి దూరాడు. నేల మీద పరిచిన అట్టముక్కపై నాలుగు ఎర్రటి ఆయిలు చుక్కలు పడి ఉన్నాయి.

“ఎన్నాళ్ల నుంచి కారుతోంది?”

“ఆరు నెలలు. చెబుతూనే ఉన్నాను. ఇంట్లో వినే చెవి ఉంటేగా!”

కింద ఒక బోల్టు కిర్రుమంటూ తిరిగింది. దాని వెనకే మెకానిక్ గొంతు వినిపించింది.

“ఎన్నింటికి బయలుదేరాలి?”

“పన్నెండుకి. రేపు పొద్దున్న తొమ్మిదింటికి ఆ లాబ్‌లో చేరకపోతే ఉద్యోగం ఇంకొకరికి ఇచ్చేస్తారు. ఇప్పటికి రెండుసార్లు గడువు అడిగాను. మూడోసారి అడగడానికి మొహం చెల్లదు.”

కారు వెనక సీటు నిండా అట్టపెట్టెలు, పరుపుచుట్ట, కుట్టుమిషను. బస్సెక్కే సామాను కాదది.

“కూర్చో చెల్లెమ్మా, నిలబడితే పని తొందరగా అవుతుందా?” అంటూ స్టూలు జరిపాడు డెంటింగ్ పనివాడు. షెడ్డులో అతన్ని సుత్తి అంటారు. చేతిలో ఉండేదీ అదే, నోటితో కొట్టేదీ అదే. ఆడవాళ్లెవరొచ్చినా అతనికి చెల్లెళ్లే. మెకానిక్కూ అతనూ పద్నాలుగేళ్లుగా ఒకే రేకుల కప్పు కింద పనిచేస్తూ, ఏ చుట్టరికమూ లేకుండానే బావా అంటే బావా అనుకుంటున్నారు.

“మళ్లీ ఎప్పుడు రావడం?” అడిగాడు సుత్తి.

“మళ్లీ వచ్చేదాన్నైతే కుట్టుమిషను ఎందుకు కడతాను అన్నయ్యా?”

కారు కింద పానా జారి నేల మీద ఠంగుమంది.

ఆమెకు ఫోను వస్తే గేటు దగ్గరికి వెళ్లింది. సుత్తి వెంటనే గొంతుక్కూర్చుని కారు కిందికి తల వంచాడు.

“గేరుబాక్సు దింపాలని చెప్పు బావా.”

“అక్కర్లేదు. లోపలి బ్యాండ్లు వదులయ్యాయి. బిగిస్తే చాలు. అడుగున ప్యాకింగు పోయింది, మారుస్తాను.”

“అదే వద్దంటున్నా. దింపాలి, సామాను తెప్పించాలి, పది రోజులు పడుతుందను. ఒక్క మాట! గేరుబాక్సులో ఏముందో చెల్లెమ్మకేం తెలుసు?”

“తెలియదు కాబట్టే చెప్పకూడదు.”

“నీ మేలుకోరి చెబుతున్నాను. తర్వాత చేతులు పిసుక్కుంటే నేనేం చెయ్యలేను.”

“నీ రేకు నువ్వు కొట్టుకో బావా.”

ఆ వీధిలో బిగిస్తే సరిపోయే దానికి దింపాలని చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. సుత్తి మాటలో వింతేమీ లేదు.

ఆమె తిరిగొచ్చేసరికి మెకానిక్ పాత ప్యాకింగు గీకేసి కొత్తది వేశాడు. బోల్టులు ఒకటి ఇటు, ఒకటి అటు, కొంచెం కొంచెంగా బిగించాడు. తర్వాత బ్యాండు స్క్రూ మీది నట్టు వదులు చేసి, స్క్రూని ఇక తిరగదన్నంతవరకు బిగించాడు. ఆ వెంటనే మెల్లగా వెనక్కి తిప్పాడు. ఒకటి. రెండు.

వంగి చూస్తున్న ఆమె ఊరుకోలేకపోయింది. “బిగించినదాన్ని మళ్లీ వదులు చేస్తారేం?”

“బ్యాండంటే పట్టీ, లోపల డ్రమ్మును పట్టుకుంటుంది. చాలకపోతే జారిపోతుంది. బిగించి అలాగే వదిలేస్తే రాసుకుని కాలిపోతుంది. రెండు చుట్లు వెనక్కి రావాలి.”

“ఇంత తెలిసిన చేతులు...” అని ఆమె మిగతాది మింగేసింది.

కొత్త ఆయిలు పోశాడు. అడుగంతా గుడ్డతో తుడిచి, ఎక్కడ కారినా తడి కనబడేలా అతుకులన్నిటి మీదా టాల్కం పౌడరు చల్లాడు. ఒంటరిగా పావుగంట తిప్పుకొచ్చి మళ్లీ కిందికి దూరాడు. అంతటా పౌడరు పొడిగానే ఉంది. గేరు కడ్డీ లోపలికి దూరేచోట మాత్రం ఎర్రటి గీత తడిగా దిగింది.

“ఇంకోచోట కూడా ఉంది,” అన్నాడు బయటికొచ్చి.

సుత్తి మొహం వెలిగింది. “చెప్పానా! ఇవాళ్టికి ప్రయాణం లేదు చెల్లెమ్మా.”

ఆమె గడియారం చూసుకుంది. పదకొండు దాటింది. మెకానిక్ వైపు తిరిగి నెమ్మదిగా అడిగింది.

“నిజం చెప్పండి. దారిలో కనుమ ఉంది, ఇరవై రెండు మలుపులు. ఈ బండి ఎక్కుతుందా? ఎక్కదంటే ఇప్పుడే ఫోను చేసి ఉద్యోగం వద్దని చెప్పేస్తాను. మీ మాట మీదే ఉంది.”

సుత్తి చేతిలో సుత్తి ఆగింది. మెకానిక్ గుడ్డతో వేళ్లు తుడుచుకున్నాడు. మసి పోయాక కూడా తుడుస్తూనే ఉన్నాడు.

“రబ్బరు సీలు ఒకటి మార్చాలి. అరగంట,” అన్నాడు. “ఎక్కుతుంది.”

అరగంట అన్నవాడు ఇరవై ఐదు నిమిషాల్లో ముగించాడు. ఇంకోసారి తిప్పుకొచ్చి, ఇంజను నడుస్తుండగానే గేరుబాక్సు డిప్‌స్టిక్కు తీసి ఆయిలు మట్టం చూశాడు. తుడిచి, మళ్లీ ముంచి, మళ్లీ చూశాడు.

“కనుమలో గేరు రెండులోనే ఉంచాలి. మధ్యలో ఒకసారి ఆపి చల్లబడనివ్వాలి. దిగేటప్పుడు బ్రేకు మీదే కాలు పెట్టి ఉంచకూడదు.”

“సరే.”

“టైర్లలో గాలి చూశాను.”

“సరే అన్నానుగా.”

సుత్తి తన మూలకి వెళ్లి వాళ్లకి వీపు పెట్టి కూర్చున్నాడు. మెకానిక్ గేటు రెండు రెక్కలూ తెరిచి పక్కకు తప్పుకున్నాడు. కారు మొదటి గేరులో కదిలి, ఏ అరుపూ లేకుండా రెండులో పడి, వీధి మొదట్లో ఆగింది. అద్దం దిగింది. ఏ చప్పుడు వినపడిందో అనుకుని అతను గబగబా వెళ్లి వంగాడు.

ఆమె ముందుకే చూస్తూ, “మనింటికి రేపటి నుంచి ఒక్క పాల ప్యాకెట్టే వేయమన్నాను,” అంది.