గురువారం పాఠకుడు

కథ పెట్టి గంట కాలేదు, కింద కౌకో అనే పాఠకుడి వ్యాఖ్య ప్రత్యక్షమైంది.

"ఐలి రొట్టె రెండు గంటల్లో కాల్చేసింది. చేప కూరిన రొట్టెకి ఆరు గంటలు పడుతుంది."

అంతే. బాగుందనీ లేదు, బాగాలేదనీ లేదు.

తుయిరెకి ఒళ్లు మండింది. ఫిన్లాండ్‌లోని కువోపియోలో ఒక పళ్ల ఆసుపత్రి రిసెప్షన్‌లో పని చేస్తూ, మూడేళ్లుగా ఆన్‌లైన్‌లో కథలు రాస్తోంది. ఇప్పుడు ఐలి అనే పాతకాలపు అమ్మాయి మీద సీరియల్, గురువారానికో భాగం. పాఠకులు అరవై ఒక్కరు. క్రిస్మస్‌లోగా వంద దాటకపోతే రాయడం మానేస్తానని తనకు తానే గడువు పెట్టుకుంది.

స్నేహితురాలు మింతుకి నాలుగు వేలు.

ఆ మింతు నిరుడే మొదలుపెట్టింది. ఖాతా ఎలా తెరవాలో, బొమ్మ ఎక్కడ పెట్టాలో పక్కన కూర్చుని నేర్పింది తుయిరెనే. ఇప్పుడు రోజూ లేవగానే తన లెక్క కంటే ముందు మింతు లెక్క చూస్తుంది. చూసి, తాగే కాఫీ చేదు చేసుకుంటుంది.

మింతు కథ కింద కూడా కౌకో ఉన్నాడు. ప్రతి వారం ఒకటే మాట: "బాగుంది."

"నీకేమో బాగుందట, నాకేమో రొట్టె కాలలేదట," అంది తుయిరె, లైబ్రరీ క్యాంటీన్లో. "ఎవరే ఈ మనిషి?"

"ఎవరో ముసలాయన. పోనీలేవే, నాలుగు వేలమందిలో ఒకడు," అంది మింతు దాల్చినచెక్క బన్ను తుంచుకుంటూ.

నాకు అరవై ఒక్కరిలో ఒకడు, అనుకుంది తుయిరె.

తర్వాతి వారం: "ఆదివారం ఆ రేవుకి పడవ రాదు."

ఆ పై వారం: "ఆ రోజుల్లో నర్సులు రోగి మంచం మీద కూర్చునేవారు కాదు."

రొట్టెలూ తెలుసు, పడవలూ తెలుసు, నర్సులూ తెలుసు. ఇంత సర్వజ్ఞుడు తన ప్రాణానికే ఎందుకు దాపురించాడో అర్థం కాలేదు. మింతే ఉసిగొల్పిందేమోనని కూడా అనిపించింది.

ఎనిమిదో భాగం పెట్టిన మర్నాడు, లైబ్రరీలో ఆ మనిషే ఎదురొచ్చాడు. పొడుగ్గా, భుజాలు వంగి, ఉన్ని టోపీ చేత్తో పట్టుకుని ఉన్నాడు.

"తుయిరె నువ్వే కదూ? ఫొటోలో చూశాను, ఇక్కడికి వస్తుంటావని నీ పేజీలో చదివాను. నా పేరు కౌకో."

"తెలుసు. ఇవాళేం తప్పు దొరికింది?"

"తప్పు కాదమ్మాయ్. ఐలి ఆ పడవవాడితో వెళ్లిపోతుందా, ఉండిపోతుందా? కాస్త ముందుగా చెబుతావేమోనని వచ్చాను. గురువారం దాకా ఆగేలా లేదు."

వెటకారమే అనుకుంది తుయిరె.

"మింతునైతే ఇలా అడుగుతారా?"

"ఆ పిల్లనా? అక్కడ అడగడానికేం ఉంటుంది?"

అక్కడ అన్నీ సవ్యంగా ఉంటాయి, లోపాలన్నీ తన దగ్గరే అన్నట్టు వినిపించింది ఆమెకి.

"అయితే అక్కడే చదువుకోండి. నా జోలికి రాకండి."

ఆయన టోపీ పెట్టుకున్నాడు.

"కష్టం కలిగించాను. ఏమనుకోకు," అని వెళ్లిపోయాడు.

తుయిరె అక్కడికక్కడే ఫోన్ తీసి ఆయన్ని బ్లాక్ చేసింది. అరవై ఒకటి అరవై అయింది. పాఠకుడు తగ్గినందుకు సంతోషించిన రచయిత్రి ఆ దేశం మొత్తానికి ఆమె ఒక్కతే అయి ఉంటుంది.

ఆరు వారాలు గడిచాయి. తప్పులు పట్టేవాళ్లు లేరు, అసలు నోరు విప్పేవాళ్లే లేరు. ఐలిని పడవవాడితో పట్నం పంపేసి, పద్నాలుగో భాగంతో కథ ముగించింది. ఎవరూ చప్పుడు చేయలేదు. మింతుకి ఐదు వేలు దాటాయి.

ఆ మరుసటి బుధవారం, వృద్ధాశ్రమం నుంచి ఒక ఆయా చక్రాల కుర్చీలో ఓ ముసలావిడని ఆసుపత్రికి తీసుకొచ్చింది. పేరు హిల్కా, కట్టుడు పళ్లు వదులయ్యాయి. ఆవిడ తుయిరె చొక్కా మీది పేరు చదివి కళ్లద్దాలు సర్దుకుంది.

"కథలు రాసే తుయిరెవా నువ్వు?"

"అవునండీ."

"రొట్టె మాట నాదే. పడవ మాట ఆర్మస్‌ది, వాడు ముప్పై ఏళ్లు ఆ రేవులో టిక్కెట్లు చింపాడు. గురువారం భోజనాలయ్యాక ఎనభై ముగ్గురం హాల్లో కూర్చుంటాం. మా పక్క గది కౌకో నీ కథ పైకి చదువుతాడు, మేం దెబ్బలాడుకుంటాం."

తుయిరె నోట ముందు వచ్చింది ఈ మాటే:

"మింతు కథలు కూడా చదివేవారా?"

"ఓ, చదివేవాడు. అవి వింటూ హాయిగా కునుకు తీసేవాళ్లం."

మూడేళ్లలో అంత తీపి మాట ఆమెతో ఎవరూ అనలేదు.

"కానీ నీ ముగింపు ఉంది చూశావూ," అంది హిల్కా. "సరస్సు మధ్యలో ఐలి పడవ వెనక్కి తిప్పమంటుందే. 'నాకు వెళ్లగలనని తెలిస్తే చాలు' అంటుందే. హాల్లో ఒక్కరూ దగ్గలేదు."

తుయిరె అలా రాయలేదు. ఆ ముగింపు తనకెందుకు తట్టలేదా అని ముందు కుళ్లే పుట్టింది. ఆయన్ని బ్లాక్ చేసిన సంగతి ఆ తర్వాతే గుర్తొచ్చింది.

"కౌకో గారు ఎలా ఉన్నారు?"

"మొన్న సోమవారం పాతిపెట్టాం. రేపట్నించి నీ పాత కథలు ఈ అమ్మాయి చదువుతానంటోంది."

ఆయా బల్ల మీదికి వంగి, హిల్కాకి వినబడకుండా గొంతు తగ్గించింది.

"ఆయన ఫోన్లోంచే చదువుదామని మీ పేజీ తెరిచానండీ. 'ఈ రచయిత మిమ్మల్ని బ్లాక్ చేశారు' అని ఆరు వారాల కిందటి తేదీతో ఒక్క వాక్యమే ఉంది. ఆరు గురువారాలూ ఆయన దాన్నే చూస్తూ, ముందు మీ పేరు చెప్పి, మాకు కథ చదివారు."