రామెన్ కొట్టు ఎవరి వాటాకు?

ఫిబ్రవరి తొమ్మిదో తేదీ, మంగళవారం, ఉదయం ఏడున్నర. జపాన్‌లోని కితకత పట్టణంలో, ఆ ఏడు స్టూళ్ల రామెన్ నూడుల్స్ కొట్టులో అప్పుడున్నది నలుగురు: పొయ్యి దగ్గర యజమాని షిగెజో, బల్ల తుడుస్తూ అతని భార్య కినుఎ, బల్లకు ఇవతల ఆరేళ్లుగా వారానికి నాలుగు పొద్దులు అక్కడే తినే దంపతులు సొయిచి, మినెకో.

ఆ దంపతుల గిన్నెల మధ్య విడాకుల పత్రం ఉంది. ఇద్దరి సంతకాలూ పడ్డాయి. సాక్షుల గళ్లు రెండూ ఖాళీ.

"ఇల్లు తనకి, కారు నాకు, పిల్లి తనకి," అన్నాడు సొయిచి. "గొడవ లేకుండా అన్నీ తేలాయి బాబాయ్. ఈ కొట్టు ఒక్కటే తేలలేదు."

"నా కొట్టు మీ ఆస్తిలో ఎప్పుడు కలిసిందిరా?" షిగెజో నూడుల్స్ జల్లెడను విసురుగా విదిలించాడు.

"విడిపోయాక ఒకేచోట ఎలా తింటాం?" అంది మినెకో. "ఈ చోటు ఆయనకు చూపించింది నేను. నాకే రావాలి."

"నీకు జ్వరమొస్తే మంచులో గిన్నె మోసుకొచ్చిందెవరు?"

"సగం దారిలో ఒలకబోసుకుని!"

"మిగిలిన సగం తాగి, బతికానన్నదెవరు?"

మినెకో ముక్కు తుడుచుకుంది. ముక్కు కారడాన్ని వేడి సూపు మీదికి నెట్టడానికి వీలుంది.

"పోనీ, గురువారం కొట్టుకు సెలవు. మిగతా ఆరు రోజులు చెరి మూడు," అన్నాడు సొయిచి.

"ఆదివారం నాది!"

"ఆదివారం నాది!"

"ముందు తినండి. నూడుల్స్ నానిపోతే నాకు ఒళ్లు మండుతుంది," అని కసిరాడు షిగెజో.

ఇద్దరూ జుర్రుతూ తిన్నారు. గిన్నెలెత్తి అడుగుదాకా తాగారు. అప్పుడు మినెకో పత్రాన్ని కినుఎ వైపు జరిపింది.

"సంతకం పెట్టు పిన్నీ. మా ఇద్దర్నీ సమంగా తిట్టేవాళ్లు మీరిద్దరే."

కినుఎ చేతులు తుడుచుకుని, కళ్లజోడు పెట్టుకుని, ప్రతి పంక్తీ చదివి సంతకం చేసింది. తర్వాత కలాన్ని భర్తకు చాపింది.

"నేను పెట్టను."

"పెట్టండి."

పెట్టాడు. సొయిచి చెయ్యి చాచేలోగా కినుఎ ఆ పత్రాన్ని నాలుగు మడతలు పెట్టింది.

"ఇది నా దగ్గరుంటుంది. ఇద్దరూ కలిసొచ్చి, పక్కపక్కన కూర్చుని తిని, అప్పుడూ కావాలంటే ఇస్తాను. ఒక్కరే వస్తే రామెన్ పెడతాను. కాగితం మాత్రం ఇవ్వను."

"ఇదేం పద్ధతి పిన్నీ?"

"ఈ కొట్టు పద్ధతి. నచ్చకపోతే వేరే సాక్షుల్ని చూసుకోండి. వేరే కొట్టును కూడా."

మినెకో లేచి కోటు వేసుకుంది.

"ఆదివారం వస్తావా?" అడిగాడు సొయిచి, ఖాళీ గిన్నెలోకి చూస్తూ.

"నా రోజేగా, నేనొస్తాను. నువ్వూ రావాలిగా మరి," అంది మినెకో చేతి తొడుగులు వెతుక్కుంటూ.

వాళ్లు వెళ్లాక కినుఎ అరమీది పాత రేకుడబ్బా దించి మూత తీసింది. అందులో అలాంటి విడాకుల పత్రాలే, ఎవరూ తిరిగి అడగనివి, పన్నెండున్నాయి. కొత్తదాన్ని వాటిమీద ఉంచి, మూత పట్టకపోతే అరచేత్తో గట్టిగా అదిమింది.

"మెల్లిగా," అన్నాడు షిగెజో, సూపు కుండ మీంచి తలెత్తకుండా. "అడుగున మనది నలిగిపోతుంది."