సంతాపసభలో సేనాపతి

“నాలుగో ఎపిసోడ్‌లో చచ్చిపోయిన సేనాపతి, ఏడో ఎపిసోడ్‌లో తన సంతాపసభకి తనే వచ్చి రెండో వరసలో నిలబడ్డాడు. అది కనిపెట్టింది మీరొక్కరే మేడం!”

స్పీకర్లోంచి స్టూడియో మేనేజర్ గొంతు వంటింటి గిన్నెల మధ్య ఖంగుమంది. ఫోను అత్తగారిది. సమీక్షల సైట్లో కోడలు ఇచ్చుకున్న నంబరు అదే. అత్తగారు బఠానీలు ఒలవడం ఆపి చెవులు రిక్కించింది.

“బాధ్యత తెలిసినవాడండీ, హాజరయ్యాడు,” అంది కోడలు, గిన్నెలు తుడుస్తూ.

ఏడు సూర్యులు, పన్నెండు గ్రహాలు, వెయ్యేళ్ల యుద్ధం. ఆ అంతరిక్ష అనిమే బొమ్మల సీరియల్ మొదటి రెండు ఎపిసోడ్లకి జనం ఆశ్చర్యంతో నోళ్లు తెరిచారు. మూడో దాని నుంచి ఆవులించడానికి తెరిచారు. కెప్టెన్ ఎడమ చెంప మీది గాటు వారం తిరిగేసరికి కుడి చెంపకు కాపురం మార్చింది. నాలుగు వందల యుద్ధనౌకలకూ ఒకే చోట ఒకే సొట్ట. ఆ భాగోతాన్నంతా ‘తోకచుక్క’ అనే మారుపేరుతో కోడలు వారం వారం ఉతికి ఆరేసింది.

“పొద్దస్తమానం బొమ్మలు చూడ్డం, వాటిని తిట్టడం. అదో పని!” అనేది అత్తగారు.

“మేడం, సూటిగా అడుగుతున్నాను. రెండో సీజన్‌కి తప్పులు పట్టే పని మీరు చేసిపెట్టాలి. ఇంటి నుంచే.”

కోడలి చేతిలో గుడ్డ ఆగింది. ఆ పని ఆమెకు కావాలి. గుడ్డ పక్కన పడేసి ఫోను దగ్గరికి జరిగింది.

“ఇప్పుడా పని ఎవరు చేస్తున్నారు?”

“ఒకావిడ ఉందండీ. మేమెవరమూ చూళ్లేదు, అంతా మెయిల్లోనే. తీసేస్తున్నాం. ‘తప్పులు దిద్దినావిడ కళ్లజోడు ఫ్రిజ్‌లో పెట్టి మరిచిపోయినట్టుంది’ అని మీరే రాశారుగా!”

“రాశాను. అందులో అబద్ధమేం లేదు. కానీ, ఆవిడకి ఎపిసోడ్ ఎప్పుడు పంపేవారు?”

అవతల కాస్త నీళ్లు నమలడం వినిపించింది. “విడుదలకి... ముందురోజు.”

“ఒక్కరోజులో సూర్యుల్ని లెక్కపెట్టుకోడానికే సరిపోతుంది. నాకు పది రోజులు కావాలి. నేను తప్పన్నది దిద్దాకే విడుదల. టైటిల్స్‌లో పేరు పడాలి.”

“పది రోజులంటే మరీ...”

“సరే అయితే. ఈసారి సేనాపతి పెళ్లి కూడా చేసుకుంటాడు.”

మేనేజర్ నవ్వేశాడు. “మూడూ ఒప్పుకున్నాం మేడం. ఒప్పందం ఏ పేరు మీద పంపమంటారు?”

కోడలు అత్తగారి పేరు చెప్పింది. అత్తగారి ఒళ్లో బఠానీలు నేల మీదకి దొర్లాయి.

ఫోన్ పెట్టేయగానే పెద్దావిడ విరుచుకుపడింది. “మధ్యలో నా పేరెందుకే? ఆ రాకెట్టుకి ముందేదో వెనకేదో కూడా నాకు తెలీదు!”

“గీసినవాళ్లకీ తెలీదు అత్తయ్యా. ఇంటికి పెద్దవారు, మీ పేరుంటేనే నిండుగా ఉంటుంది.”

“టీవీలో పడుతుందంటావా?”

“ఇంతింత అక్షరాలతో.”

అత్తగారు జుట్టు సవరించుకుంది, అప్పుడే నలుగురూ చూస్తున్నట్టు. అంతలోనే మొహం చిన్నబోయింది.

“అయినా అమ్మాయ్, పాపం ఆ పాతావిడ. ఒకరి నోటి దగ్గర కూడు లాక్కుంటే ఉసురు తగలదూ?”

“తగిలితే భరిద్దాం లెండి.”

“ఇంత రాతిగుండె ఏమిటే నీది! ఆ కబురు ఆవిడ చెవిన ఎప్పుడు వేస్తారో, ఏమో.”

“ఇప్పుడే వేశారు,” అంటూ కోడలు తన ఫోన్లో, తన పేరుకే వచ్చిన మెయిల్ చూపించింది.