పదో నక్షత్రం

తిట్టడం, కొట్టడం మానేసి, మంచి నడవడికకు కార్డు మీద నక్షత్రం అంటించే పద్ధతిని సెమిలిగుడలోని తమ బడికి తెచ్చింది రేచల్ టీచరే. అందరికంటే ముందు పది నక్షత్రాలు తెచ్చుకుంది ఏడో తరగతి సుజన.

బహుమతి ఇవ్వబోతే సుజన కార్డు వెనక్కి ఇచ్చేసింది.

“పదోది పీకీండి టీచర్.”

“ఏటమ్మీ! మంగళవారం గంటసేపు నోరు మెదపలేదని నేనే ఇచ్చేను కదే?”

“ఆ గంటలోనే నా పక్కనున్న బుల్లికి జొరంతో ఒళ్లు కాలిపోయింది. టీచర్‌కి సెప్పవే అంది. మాటాడితే నక్షత్రం పోతాదని సెప్పనేదు.”

రేచల్ సొరుగు తెరిచింది. గురువారం జ్వరంతో చనిపోయిన బుల్లి కార్డు అందులోనే ఉంది. బల్ల మీద తల వాల్చి గంటసేపు కదలకుండా ఉన్నందుకు, ఆ మంగళవారం దానికీ తనే ఒక నక్షత్రం అంటించింది.